ఇన్‌స్టాల్ కాని సాఫ్ట్‌వేర్‌ని లెక్కపెట్టేదెలా?

కొన్నేళ్ల కిందట ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ లైసెన్సుల లెక్క చూసే పని నాది. ఒకరోజు ఆడిట్ నోటీసు వచ్చింది. ఏ మిషన్ మీద ఏ సాఫ్ట్‌వేర్ ఉందో వెతికే ఇన్వెంటరీ టూల్ నడిపి చూస్తే విజియో, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల డయాగ్రమ్‌లు గీసే సాఫ్ట్‌వేర్, నాలుగంటే నాలుగు మిషన్ల మీద ఉందని తేలింది, ఆ నాలుగూ సర్వర్లే. మేం కొన్న లైసెన్సులు అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆడిటర్ మాత్రం ఆ రిపోర్టు పక్కన పెట్టి ఒకే ప్రశ్న అడిగారు: ఆ సర్వర్ల మీదున్న విజియోని ఎంతమంది తెరవగలరు? కంపెనీ యూజర్లు, గ్రూపుల వివరాలుండే యాక్టివ్ డైరెక్టరీలో దానికి పెట్టిన గ్రూపు తెరిస్తే అందులో ఇంకో గ్రూపు, దాని లోపల మరోటి, చివరికి ఒక డిపార్ట్‌మెంట్ మొత్తం అందులో కూర్చుని ఉంది. వాళ్లలో చాలామందికి విజియో అంటే ఏమిటో కూడా తెలియదు. కానీ వాళ్లు ఏ మిషన్ నుంచైనా క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది, లైసెన్స్ నిబంధన అడిగేది కూడా సరిగ్గా అదే.

అప్పటిదాకా నేను సాఫ్ట్‌వేర్‌ని లెక్కపెట్టడం అంటే మిషన్లను లెక్కపెట్టడమే అనుకునేవాణ్ని. ప్రతి కంప్యూటర్ మీద స్కాన్ నడుస్తుంది, దేని మీద ఏం ఉందో జాబితా వస్తుంది, ఆ జాబితాని కొన్న బిల్లులతో పోల్చుకుంటే పని అయిపోయినట్టే. మామూలు ఇన్‌స్టాలేషన్లకి ఇది చక్కగా పనిచేస్తుంది. అప్లికేషన్‌ని వర్చువలైజ్ చేసిన రోజు నుంచి మాత్రం ఈ లెక్క కింద నేల ఉండదు.

ముందు ఒక తికమక తీర్చుకుందాం. వర్చువలైజేషన్ అనగానే చాలామందికి ఒక ఫిజికల్ సర్వర్ మీద పది వర్చువల్ సర్వర్లు నడపడం గుర్తొస్తుంది. ఈ వ్యాసం దాని గురించి కాదు. అక్కడ ప్రతి వర్చువల్ మిషన్ లోపల సాఫ్ట్‌వేర్ మామూలుగానే ఇన్‌స్టాల్ అయి ఉంటుంది, ఏజెంట్ (ఇన్వెంటరీ టూల్ తరఫున మిషన్ మీద ఉండే చిన్న ప్రోగ్రామ్) పెడితే కనబడుతుంది. నేను మాట్లాడేది అప్లికేషన్‌నే మిషన్ నుంచి విడదీసే పద్ధతి గురించి. అంటే ప్రోగ్రామ్‌ని విండోస్‌లో కలిపేయకుండా, దాని ఫైళ్లు, రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోట) రాసే సెట్టింగులు అన్నీ ఒక మూటలా కట్టి, ఆ మూటలో ఉండగానే నడపడం.

మామూలు ఇన్‌స్టాల్ అంటే ఇంట్లో పొయ్యి వెలిగించి వండుకోవడం లాంటిది. గిన్నెలు మిగులుతాయి, తాలింపు వాసన వస్తుంది, సరుకుల డబ్బాలు బయట ఉంటాయి, ఎవరు వచ్చి చూసినా ఇక్కడ వంట జరిగిందని తెలిసిపోతుంది. విండోస్‌లో ఆ ఆనవాళ్లు ఎక్కడుంటాయంటే, రిజిస్ట్రీలో అన్‌ఇన్‌స్టాల్ అనే కీ కింద ప్రతి ప్రోగ్రామ్ తన పేరు, వెర్షన్, తయారీదారు రాసుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో మీరు చూసే ప్రోగ్రాముల జాబితా అక్కడి నుంచి వచ్చిందే. చాలా ఇన్వెంటరీ టూల్స్ మొదట చూసేదీ అక్కడే. మూట కట్టిన అప్లికేషన్ అలా కాదు, అది బయట వండించి తెప్పించుకున్న క్యారేజీ. మూత తీసి తిన్నారు, మళ్లీ మూత పెట్టేశారు. వంటింట్లో వెతికితే ఏం దొరుకుతుంది? ఇక ప్రోగ్రామ్‌ని సర్వర్ మీదే నడిపే సిట్రిక్స్ లాంటి పద్ధతిలోనైతే మనిషే మెస్‌కి వెళ్లి తిని వస్తాడు, ఇంట్లో క్యారేజీ కూడా ఉండదు.

ఈ మూటల్లో ఎక్కువగా ఎదురయ్యేది మైక్రోసాఫ్ట్ యాప్-వి. ఇది మొదట సాఫ్ట్‌గ్రిడ్ అనే పేరుతో సాఫ్ట్రిసిటీ అనే కంపెనీ దగ్గర ఉండేది, 2006లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది. పాత 4వ తరంలో ఈ మూటలు, అంటే ప్యాకేజీలన్నీ క్యూ అనే ఒక వర్చువల్ డ్రైవ్ మీద కనిపించేవి. 2012లో వచ్చిన 5వ తరం పూర్తిగా వేరే నిర్మాణం. 2016లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ప్యాకేజీలని మిషన్ మీద నడిపే యాప్-వి క్లయింట్ ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో ముందే ఉంటోంది, ఆన్ చేసుకుంటే చాలు.

ప్యాకేజీ ఎలా తయారవుతుందో చూస్తే సగం చిక్కు విడిపోతుంది. ఖాళీ విండోస్ మిషన్ మీద సీక్వెన్సర్ అనే టూల్ నడుపుతూ అసలు సాఫ్ట్‌వేర్‌ని ఇన్‌స్టాల్ చేస్తారు. ఇన్‌స్టాలర్ ఏ ఫైల్ ఎక్కడ పెట్టింది, రిజిస్ట్రీలో ఏం రాసింది అన్నీ సీక్వెన్సర్ గమనించి, చివరికి యాప్‌వి అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఒకే ఫైల్‌గా కడుతుంది. ఆ ఫైల్ నిజానికి ఒక జిప్. తెరిస్తే లోపల ప్యాకేజీ వివరాలు చెప్పే మ్యానిఫెస్ట్, రిజిస్ట్రీ అంతా ఉన్న ఒక డీఏటీ ఫైల్, అసలు ఫైళ్లున్న రూట్ ఫోల్డర్ కనిపిస్తాయి. అంటే ఆ సాఫ్ట్‌వేర్ రాసుకున్న ఆనవాళ్లు ఎక్కడికీ పోలేదు, మూటలోపలే భద్రంగా ఉన్నాయి. కాకపోతే ఆ వర్చువల్ రిజిస్ట్రీ, మూట లోపల నడిచే ప్రోగ్రాముకే కనబడుతుంది, బయట నిలబడి అన్‌ఇన్‌స్టాల్ కీ చదివే స్కానర్‌కి కనబడదు. ఈ రంగంలో వాళ్లు ఆ మూటని బబుల్ అంటారు, పేరు బాగానే పెట్టారు.

మైక్రోసాఫ్ట్ ఈ సమస్యని ముందే ఊహించి ఒక దారి పెట్టింది, కానీ ఇది వాడే టీములు నాకు చాలా తక్కువగా కనిపించాయి. సీక్వెన్సింగ్ సమయంలో ఇన్‌స్టాలర్ రాసిన పేరు, వెర్షన్, పబ్లిషర్ లాంటి వివరాలని మ్యానిఫెస్ట్‌లో అసెట్ ఇంటెలిజెన్స్ అనే విభాగంగా రాస్తారు. క్లయింట్ మిషన్ మీద డబ్ల్యూఎమ్‌ఐలో, అంటే అడిగితే విండోస్ తన వివరాలు చెప్పే ఏర్పాటులో, యాప్-వికి సొంత విభాగం (నేమ్‌స్పేస్) ఉంది, అందులో ప్యాకేజీలకి ఒక క్లాసు, అప్లికేషన్లకి ఒకటి, ఈ అసెట్ వివరాలకి ఇంకొకటి. మీ ఇన్వెంటరీ ఏజెంట్‌కి ఆ క్లాసులు కూడా చదవమని చెబితే చాలు, చీకట్లో ఉన్న సగం సరుకు వెలుగులోకి వస్తుంది. విండోస్ కమాండ్ టూల్ పవర్‌షెల్‌లో యాప్-వి క్లయింట్ ప్యాకేజీల జాబితా అడిగినా ప్రతి ప్యాకేజీకి అసెట్ ఇంటెలిజెన్స్ ఉందా లేదా అని చెప్పే ఒక గడి వస్తుంది. అది లేదు అని వచ్చిందంటే, సాధారణంగా ఆ సాఫ్ట్‌వేర్‌ని సరైన ఇన్‌స్టాలర్ లేకుండా ఫైళ్లు కాపీ చేసి మూట కట్టారని అర్థం. అలాంటి ప్యాకేజీలని విడిగా పక్కకి తీయండి, మీ టైమ్ ఎక్కువగా తినేవి అవే.

మూట కట్టే ఇంకో టూల్, థిన్‌యాప్ సంగతి ఇంకా కష్టం. థిన్‌స్టాల్ పేరుతో ఉన్న దీన్ని వీఎంవేర్ 2008లో తీసుకుంది, ఇప్పుడది ఆమ్నిసా అనే కంపెనీ చేతిలో ఉంది. యాప్-వికి మిషన్ మీద క్లయింట్ ఉండాలి, కాబట్టి కనీసం అడగడానికి ఒకరు ఉన్నారు. థిన్‌యాప్‌కి అదీ అక్కర్లేదు. మొత్తం అప్లికేషన్, దాన్ని నడిపే చిన్న ఇంజన్, అన్నీ ఒక్క ఈఎక్స్‌ఈ ఫైల్‌లో కూడా ఇమిడిపోతాయి. ఫైల్ షేర్‌లో పెట్టి షార్ట్‌కట్ ఇచ్చినా నడుస్తుంది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లినా నడుస్తుంది. యూజర్ మార్పులు రాసుకునే శాండ్‌బాక్స్, మామూలుగా ఆయన ప్రొఫైల్‌లో యాప్‌డేటా కింద థిన్‌స్టాల్ అనే ఫోల్డర్‌లో ఏర్పడుతుంది, మిషన్ మీద మిగిలే ముఖ్యమైన ఆనవాలు అదొక్కటే. అందుకే నేను ఫైల్ స్కాన్‌లో ఆ ఫోల్డర్ పేరు తప్పకుండా పెట్టిస్తాను. ఒక ప్యాకేజీని ఎవరైనా కనీసం ఒకసారి తెరిచారని అది సాక్ష్యం చెబుతుంది, లోపల ఏముందో మాత్రం చెప్పదు. లోపలిది తెలియాలంటే ప్యాకేజీ కట్టినప్పటి ప్రాజెక్ట్ ఫోల్డర్, అందులో ప్యాకేజ్ డాట్ ఐఎన్‌ఐ ఫైల్ కావాలి. ఇన్వెంటరీ టూల్స్ గుర్తుపట్టేందుకే ఇన్వెంటరీనేమ్ అనే ఒక వరుస ఆ ఫైల్‌లో ఉంటుంది. దాన్ని అడ్డదిడ్డంగా నింపితే మీ రిపోర్టులోనూ అడ్డదిడ్డమే వస్తుంది.

క్లిక్-టు-రన్ అనే పద్ధతిలో వచ్చే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కూడా యాప్-వి టెక్నాలజీ నుంచి పుట్టిందే, అయినా అది ప్రోగ్రాముల జాబితాలో తన పేరు తానే రాసుకుంటుంది. అంటే మూట కట్టినంత మాత్రాన కనబడకుండా పోవాలనే రూల్ ఏమీ లేదు. తయారుచేసినవాళ్లు పట్టించుకుంటే కనబడుతుంది, పట్టించుకోకపోతే కనబడదు, అంతే తేడా.

ఇప్పుడు మెస్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే డబ్బు నష్టం ఎక్కువగా జరిగేది ఇక్కడే. సిట్రిక్స్ వర్చువల్ యాప్స్‌లో, పాత పేరు జెన్‌యాప్, లేదా మైక్రోసాఫ్ట్ రిమోట్‌యాప్‌లో ప్రోగ్రామ్ సర్వర్ మీద ఒకసారి ఇన్‌స్టాల్ అవుతుంది. యూజర్‌కి దాని బొమ్మ మాత్రమే స్క్రీన్ మీదకి వస్తుంది. స్కానర్ సర్వర్ మీద విజియోని సరిగ్గానే పట్టుకుంటుంది, తప్పు దానిది కాదు. మనం ఆ ఒక్క వరుసని ఒక్క లైసెన్స్ అనుకోవడమే తప్పు. ఆఫీస్, విజియో, ప్రాజెక్ట్‌లకి మైక్రోసాఫ్ట్ ఇచ్చే డివైస్ లైసెన్స్‌లో, సర్వర్ మీద నడిచే కాపీని ఏయే పరికరాల నుంచి వాడతారో ఆ ప్రతి పరికరానికీ లైసెన్స్ ఉండాలి. ఒకేసారి ఎంతమంది వాడుతున్నారు అనే కాంకరెంట్ లెక్క అక్కడ చెల్లదు. వంద మంది తెరవగలిగి, ఏ గంటలోనూ పదిమందికి మించి తెరవకపోయినా సరే, పది లైసెన్సులతో సరిపెట్టుకుంటామంటే ఒప్పుకోరు. రోజూ వాడేవాళ్ల లాగ్ చూపించి తగ్గించుకుందాం అని చాలామంది అనుకుంటారు, కానీ మిగతా పరికరాలని గట్టిగా ఆపే ఏర్పాటు ఏదీ లేనప్పుడు ఆ వాదన నిలబడటం కష్టం. మాకు నిలబడలేదు.

కాబట్టి సర్వర్ ఆధారిత అప్లికేషన్లకి ఇన్వెంటరీ అంటే బ్రోకర్‌ని, అంటే యూజర్లని సర్వర్లకి కలిపే భాగాన్ని అడగడం. సిట్రిక్స్‌లో పవర్‌షెల్ ద్వారా పబ్లిష్ చేసిన అప్లికేషన్ల జాబితా, ఒక్కోదానికి ఏ యూజర్లు, ఏ గ్రూపులు జతచేశారో వస్తుంది. ఆ గ్రూపుల్ని చివరిదాకా విప్పాలి. గ్రూపులో గ్రూపు, అందులో ఇంకో గ్రూపు, అలా వెళ్తూ వెళ్తూ ఎక్కడో డొమైన్ యూజర్స్ అనే మాట కనిపిస్తే ఆగిపోండి, ఆ అప్లికేషన్‌ని కంపెనీ మొత్తానికి ఇచ్చేసినట్టు. టెస్టింగ్ కోసమని ఎవరో ఒకరోజు అలా పెట్టి, తీయడం మర్చిపోతారు. గ్రూపులు విప్పాక సెషన్ల చరిత్ర తీసుకోండి. దాంట్లో క్లయింట్ పేరు అంటే యూజర్ ఏ పరికరం నుంచి కనెక్ట్ అయ్యాడో ఉంటుంది, డివైస్ లెక్కకి ఇది చాలా అవసరం. ఒక్క చిక్కుంది. బ్రౌజర్ ద్వారా కనెక్ట్ అయినవాళ్లకి అసలు కంప్యూటర్ పేరు రాదు, హెచ్‌టీఎమ్‌ఎల్ అని మొదలయ్యే ఒక తయారుచేసిన పేరు వస్తుంది. ఆ పేర్లనీ పరికరాలుగా లెక్కవేస్తే ఒకే మనిషి పది పరికరాలు వాడినట్టు తేలుతుంది.

సర్వర్ మీద నడిచే వర్చువల్ డెస్క్‌టాప్‌ల గురించి క్లుప్తంగా చెబుతాను. సాయంత్రం లాగ్ఆఫ్ కాగానే చెరిగిపోయి పొద్దున కొత్తగా పుట్టే డెస్క్‌టాప్‌లుంటాయి కదా, అవన్నీ పుట్టే మూల కాపీలోనే, అంటే మాస్టర్ ఇమేజ్‌లోనే ఇన్వెంటరీ ఏజెంట్‌ని దాని గుర్తింపు నంబర్‌తో సహా పెట్టేస్తే, వందల డెస్క్‌టాప్‌లు ఒకే నంబర్‌తో రిపోర్ట్ పంపి ఒకదాన్ని ఒకటి చెరిపేసుకుంటాయి. అలా కాకుండా ప్రతి బూట్‌కి కొత్త నంబర్ పుట్టేలా పెడితే నెలాఖరుకి మీ డేటాబేస్ నిండా లేని మిషన్లే. దీనికి తోడు యాప్ వాల్యూమ్స్ లాంటి లేయరింగ్ పద్ధతుల్లో, యూజర్ లాగిన్ అవగానే అతని అప్లికేషన్లున్న డిస్క్ ఒకటి వచ్చి అతుక్కుంటుంది. అది అతుక్కుని ఉన్నంతసేపు ప్రోగ్రాములు మామూలుగా ఇన్‌స్టాల్ అయినట్టే కనిపిస్తాయి. పగలు స్కాన్ చేస్తే ఒక లెక్క, రాత్రి చేస్తే ఇంకో లెక్క. ఇలాంటి చోట మిషన్ పేరు మీద రికార్డు పెట్టడం వృథా, యూజర్ పేరు మీద పెట్టుకోండి.

జావా గురించి, అంటే చాలా అప్లికేషన్లు నడవడానికి తోడు కావాల్సిన సాఫ్ట్‌వేర్ గురించి కొంచెం నెమ్మదిగా మాట్లాడాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టేది అదే. అసలు కంపెనీలు అప్లికేషన్లని మూట ఎందుకు కడతాయి? చాలాసార్లు కారణం ఒక్కటే, అవి మిగతావాటితో పొసగవు. అకౌంట్స్ వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌కి ఒక జావా వెర్షన్ కావాలి, కొత్త పోర్టల్‌కి ఇంకోటి కావాలి, రెండూ ఒకే మిషన్ మీద కొట్టుకుంటాయి. పరిష్కారంగా పాతదాన్ని దాని జావాతో సహా బబుల్‌లో పెట్టేశారు. సమస్య తీరింది, అందరూ మర్చిపోయారు. అంటే ఇన్వెంటరీకి కనబడని చోట దాక్కున్నవి ఏవో మామూలు ప్రోగ్రాములు కావు. పాతవి, అప్‌డేట్ చేయలేనివి, లైసెన్స్ షరతులు మారిపోయినవి ఏరి ఏరి అక్కడే పెట్టాం. కనబడనివాటిలో రిస్క్ ఉన్నవే ఎక్కువ ఉండటానికి కారణం అది.

ఒరాకిల్ జావా 8లో 202వ అప్‌డేట్ దాకా వచ్చినవి మామూలు డెస్క్‌టాప్ వాడకానికి ఉచితం. 2019 ఏప్రిల్ 16న వచ్చిన 211వ అప్‌డేట్ నుంచి కంపెనీ పనులకి వాడాలంటే సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలి. కాబట్టి మీ మూటలో జావా ఉందా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు, ఏ అప్‌డేట్ నంబరో తెలియాలి. 2023 జనవరిలో వచ్చిన కొత్త పథకంలో ధరని జావా వాడే మిషన్లని బట్టి కాకుండా కంపెనీ మొత్తం ఉద్యోగుల సంఖ్యని బట్టి కడుతున్నారు, పార్ట్‌టైమ్ వాళ్లు, తాత్కాలిక ఉద్యోగులు, కంపెనీ లోపలి పనులకి తోడ్పడే కాంట్రాక్టర్లు కూడా ఆ లెక్కలోకే వస్తారు. అంటే ఎవరూ గుర్తుపెట్టుకోని ఒక ప్యాకేజీలో ఉన్న జావా, వేల మంది ఉద్యోగుల లెక్కతో ముడిపడే ప్రమాదం ఉంది. కొన్ని సందర్భాల్లో ఆ జావాని పంచే హక్కు అప్లికేషన్ అమ్మిన కంపెనీకే ఉంటుంది, అప్పుడు మీకు ఇబ్బంది లేదు, కానీ ఆ మాట కాగితం మీద ఉండాలి. ఓపెన్‌జేడీకే అనే ఓపెన్ సోర్స్ జావా ఆధారంగా వచ్చే ఉచిత జావాలు కూడా ఉన్నాయి, మూట విప్పి ఎవరి జావానో చూసుకోకుండా ఇది అదేలే అనుకోకండి. 2021 డిసెంబర్‌లో జావా ప్రోగ్రాముల్లో వాడే లాగ్‌4జే లైబ్రరీలో సెక్యూరిటీ లోపం బయటపడినప్పుడూ ఇదే జరిగింది. డిస్క్‌లన్నీ వెతికి జార్ ఫైళ్లని (జావా కోడ్ ఉండే ఫైళ్లని) పట్టుకున్నాం అని టీములు చెప్పాయి, ఒక్క ఈఎక్స్‌ఈలో కట్టిపెట్టిన మూటల లోపలికి ఆ వెతుకులాట వెళ్లలేదు.

ఇవన్నీ చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఉందా లేదా అనే ఒక్క ప్రశ్న ఇక్కడ నాలుగుగా చీలిపోతుంది. ఆ అప్లికేషన్ మన లైబ్రరీలో ప్యాకేజీగా ఉందా? దాన్ని ఎవరెవరు తెరవగలరు? ఏయే మిషన్ల మీదకి దాని సరుకు చేరింది? నిజంగా ఎవరు వాడారు? ఒక్కోదానికి జవాబు ఒక్కో చోట దొరుకుతుంది, ఒక్కో లైసెన్స్ వీటిలో ఒక్కోదాన్ని పట్టించుకుంటుంది. డివైస్ లైసెన్స్ రెండోదాన్ని అడుగుతుంది, సెక్యూరిటీ టీమ్ మొదటిదీ మూడోదీ అడుగుతుంది, ఖర్చు తగ్గించాలనుకునే మేనేజర్ నాలుగోది అడుగుతాడు. ఒకరికి ఇచ్చిన జవాబు ఇంకొకరికి పంపడం వల్లే ఇన్ని గొడవలు.

అందుకే నా సలహా, మిషన్ల దగ్గర మొదలుపెట్టకండి, మూట పుట్టిన చోట మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో అప్లికేషన్ ప్యాకేజింగ్ అనేది చాలామంది మనవాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్న పని. ప్రతి ప్యాకేజీని కట్టేటప్పుడు ఇన్‌స్టాలర్ ఎక్కడి నుంచి వచ్చింది, ఏ లైసెన్స్ కీ వాడారు, ఏవేవి తోడు పెట్టారు అన్నీ ఆ ఇంజనీర్ కళ్ల ముందే జరుగుతాయి. అసెట్ టీమ్ మాత్రం వాళ్లతో ఒక్కసారి కూడా మాట్లాడకుండా లక్షలు పోసి స్కానింగ్ టూల్ కొంటుంది. నిజంగా బాధ కలిగించే విషయం ఇది. వాళ్ల షేర్ ఫోల్డర్‌కి వెళ్లి ప్రతి యాప్‌వి ఫైల్‌నీ జిప్‌లా తెరిచి మ్యానిఫెస్ట్ చదివించే చిన్న స్క్రిప్ట్ రాయించండి. లోపలి ఈఎక్స్‌ఈ, డీఎల్‌ఎల్ ఫైళ్ల మీదున్న కంపెనీ పేరు, వెర్షన్ కూడా తీయించండి, జావా లాంటి తోడు సరుకు బయటపడేది అక్కడే. సాఫ్ట్‌వేర్ గుర్తింపు కోసం ఐఎస్‌ఓ 19770-2 ప్రమాణం ప్రకారం కొందరు తయారీదారులు పెట్టే స్విడ్ ట్యాగ్ ఫైళ్లు కూడా మూటలోనే చిక్కుకుని ఉంటాయి, దొరికితే సంతోషం, అన్నింటికీ ఉంటాయని ఆశ పెట్టుకోకండి.

తర్వాత ఆ ప్యాకేజీని అసలు ఉత్పత్తికి ముడిపెట్టాలి. యాప్-విలో ప్రతి ప్యాకేజీకి ఒక ప్యాకేజ్ ఐడీ, ఒక వెర్షన్ ఐడీ ఉంటాయి. అప్‌డేట్ చేసినప్పుడు వెర్షన్ ఐడీ మారుతుంది, ప్యాకేజ్ ఐడీ అలాగే ఉంటుంది, కాబట్టి మీ ముడి ప్యాకేజ్ ఐడీ మీద వేయండి, వెర్షన్ వివరం పక్కన రాయండి. పేర్ల మీద మాత్రం వేయకండి. హెచ్‌ఆర్ టూల్ ఫైనల్ 3 అని పేరున్న ప్యాకేజీలో ఏముందో పేరు చూసి ఎవరు చెప్పగలరు? ఒక ప్యాకేజీ అంటే ఒక ఉత్పత్తి అనుకోవడమూ పొరపాటే, ఒకే మూటలో మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్ ఉండొచ్చు. దీనికి వ్యతిరేకంగా, కనెక్షన్ గ్రూప్ అనే ఏర్పాటులో వేర్వేరు ప్యాకేజీలు కలిసి ఒకే బబుల్‌లో నడుస్తాయి, జావా ఒక ప్యాకేజీ, దాన్ని వాడే అప్లికేషన్ మరో ప్యాకేజీ. అప్పుడు జావాని ఎంతమంది వాడుతున్నారో తెలియాలంటే గ్రూపులన్నీ చూడాలి.

ఆ తర్వాతే మిషన్ల సాక్ష్యం తీసుకోండి, అదీ జాగ్రత్తగా. యాప్-వి ప్యాకేజీలు సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా కింద యాప్-వి ఫోల్డర్‌లో, ఆ రెండు ఐడీల పేర్లతో ఫోల్డర్లుగా ఉంటాయి. క్లయింట్‌ని అడిగితే ఎంత శాతం లోడ్ అయిందో కూడా చెబుతుంది. నూరు శాతం అని ఉంటే వాడుతున్నారని అనుకోవద్దు. ఆటోలోడ్ సెట్టింగ్‌ని అన్నీ తెచ్చుకో అని పెట్టిన చోట ఎవరూ ముట్టుకోని ప్యాకేజీ కూడా మొత్తం దిగిపోతుంది. షేర్డ్ కంటెంట్ స్టోర్ పద్ధతిలో దీనికి పూర్తిగా తిరగబడుతుంది, రోజూ వాడుతున్నా డిస్క్ మీద పెద్దగా ఏమీ చేరదు, సరుకు నెట్‌వర్క్ నుంచి నేరుగా మెమరీలోకి వస్తుంది. ఇంకొకటి, ప్యాకేజీని మిషన్ మొత్తానికి పబ్లిష్ చేయొచ్చు, ఒక్క యూజర్‌కి మాత్రమే కూడా చేయొచ్చు. ఏజెంట్ సిస్టమ్ ఖాతాతో నడుస్తుంది, యూజర్‌కి మాత్రమే చేసిన పబ్లిషింగ్ వివరం ఆ యూజర్ సొంత రిజిస్ట్రీ భాగంలో ఉంటుంది. అది చదవకపోతే షేర్డ్ మిషన్ల మీద ఎవరికి ఏముందో తేలదు. వాడకం తెలుసుకోవడానికి నమ్మదగినది ప్రాసెస్ మీటరింగ్, అంటే ఏ ప్రోగ్రామ్ ఎప్పుడు నడిచిందో రాసుకోవడం. నడిచే ప్రోగ్రామ్ పేరు మామూలుగానే ఉంటుంది, దాని పాత్ ఆ యాప్-వి ఫోల్డర్‌లోంచి మొదలైతే అది మూటలోంచి నడుస్తోందని అర్థం. పాత్‌ని వదిలేసి పేరు మాత్రమే దాచుకునే మీటరింగ్ టూల్స్ ఉన్నాయి, కొనేముందు అడగండి.

ఈ పని ఇప్పుడే చేయమని గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. యాప్-వి సర్వర్ భాగాల మద్దతుకి చివరి గడువు 2026 ఏప్రిల్ అని మైక్రోసాఫ్ట్ చాలాకాలం కిందే ప్రకటించింది. అందుకే కంపెనీలు మైక్రోసాఫ్ట్ కొత్త ప్యాకేజీ రకం ఎంఎస్‌ఐఎక్స్ వైపు, దాన్ని వర్చువల్ డెస్క్‌టాప్‌కి అతికించే యాప్ అటాచ్ వైపు వెళ్తున్నాయి. యాప్ అటాచ్‌లో ప్యాకేజీ ఒక డిస్క్ ఇమేజ్‌గా వచ్చి, ముందు స్టేజ్ అయి, అంటే మిషన్ మీద సిద్ధమై, యూజర్ లాగిన్ అయ్యాక అతని పేరు మీద రిజిస్టర్ అవుతుంది, లాగ్ఆఫ్‌తో మళ్లీ వెనక్కి పోతుంది. ప్రోగ్రాముల పాత అన్‌ఇన్‌స్టాల్ కీ దగ్గరే కాచుకుని ఉన్న స్కానర్‌కి ఇదీ కనబడదు, యాప్‌ఎక్స్ ప్యాకేజీల (ఎంఎస్‌ఐఎక్స్ కూడా వీటిలోకే వస్తుంది) జాబితా యూజర్లందరికీ కలిపి విడిగా అడగాలి. మారే కాలంలో పాత మూట, కొత్త మూట రెండూ ఉంటాయి, ఒకే అప్లికేషన్ రెండుసార్లు లెక్కకొస్తుంది. కానీ మంచి అవకాశం కూడా ఇదే, ఎందుకంటే ప్రతి ప్యాకేజీని ఎవరో ఒకరు మళ్లీ విప్పి కడతారు.

ఆడిట్ అయ్యాక మేం చేసిన మొదటి మార్పు ప్యాకేజింగ్ రిక్వెస్ట్ ఫారంలోనే. ఏ ఉత్పత్తి, ఏ లైసెన్స్, లోపల జావా లాంటి రన్‌టైమ్‌లు ఏం ఉన్నాయి, ఏ గ్రూపుకి ఇస్తున్నారు, ఆ గ్రూపు బాధ్యత ఎవరిది అనే ఐదు గడులు కలిపాం. అవి నింపకుండా ప్యాకేజీ లైబ్రరీలోకి వెళ్లదు. పాత ప్యాకేజీలకి మాత్రం కట్టినవాళ్లలో సగంమంది ఉద్యోగం మారిపోయారు. వాళ్లలో ఇద్దరికి ఫోన్ చేస్తే ఓపిగ్గా గుర్తుచేసుకుని చెప్పారు, మిగతావి ఒక్కొక్కటీ తెరిచి మేమే చదువుకున్నాం. విజియో గ్రూపులోంచి ఆ డిపార్ట్‌మెంట్‌ని తీసేసినప్పుడు, మాకు పని ఆగిపోయిందని ఒక్కరు కూడా ఫోన్ చేయలేదు.